మౌళి నుదురు

తార్‌బహార్, బిలాస్‌పూర్
2024 జూన్ 18

ఏమే జ్యోతిర్మయీ,

నీ చెవులు పూర్తిగా పోయాయని నీ కోడలు ఫోన్లో చెప్పింది. సంతోషం. డెబ్భై ఎనిమిదేళ్ళు లోకం మాట విన్నావు, ఇక చాలు. విజయనగరంలో చదువుకునే రోజుల్లో సెలవులకి ఇంటికెళ్ళి రాసుకున్నట్టు మళ్ళీ ఉత్తరాలు రాసుకుందాం. ఇక్కడ నా ఉత్తరం ఎవరు తెరిచినా భయం లేదు. మా రాకేష్‌కి తెలుగు అక్షరాలు జంతికల్లా కనిపిస్తాయి. తెలుగు టీచరు మనవడు! మూడు తరాలు రైల్వే నౌకరీ చేసిన ఫలం.

ఆ రాకేష్ గురించే రాస్తున్నాను. మా శంకరం చిన్న కొడుకు, ఇక్కడే లోకో షెడ్‌లో ఇంజనీరు. ముప్ఫయి మూడేళ్ళు. వాడి నుదురు ఇరవై ఎనిమిదికే నడినెత్తి దాకా పాకిపోయింది. నిరుడు ట్రైనింగ్ అని రాయపూర్ వెళ్ళి తలకి కట్టుతో దిగాడు. షెడ్‌లో ఏదో తగిలిందనుకుని మా కోడలు రజిని పసుపు నూరబోయింది. తీరా చూస్తే నెత్తి మీద వరినాట్లు వేయించుకొచ్చాడు! తల వెనక నుంచి పీకి ముందు నాటారట. నాటిన నెలకే సగానికి పైగా రాలిపోయాయి. నేను హాయిగా నవ్వుకున్నాను. ఆ తరవాత మొలక మొదలైంది. ఇప్పటికి ఏడాది దాటింది, ఒత్తుగా వచ్చింది. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

నువ్వు చర్మాల డాక్టరుగా బతుకంతా గడిపావు కాబట్టి అడుగుతున్నాను. ఈ నాటిన జుట్టు ఎన్నాళ్ళుంటుంది? పదేళ్ళా, ఇరవయ్యా, కట్టెల దాకానా? ఎందుకని అడక్కు, జవాబు మాత్రం రాయి.

నా మోకాళ్ళు నీ చెవులతో పోటీ పడుతున్నాయి. రజిని బాగానే ఉంది. ఈ మధ్య వంట శ్రద్ధగా చేస్తోంది.

నీ
అనంతలక్ష్మి


పెదవాల్తేరు, విశాఖపట్నం
జూన్ 30

అనంతూ,

చెవులు పూర్తిగా పోలేదు. మిషను పెట్టుకుంటే వినిపిస్తుంది, కానీ మాటతో పాటు మీ బిలాస్‌పూర్ యార్డంతా వినిపిస్తుంది. అందుకని తీసి డబ్బాలో పెట్టాను.

నీ ప్రశ్నకి జవాబు. తల వెనక, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా పట్టీలా ఉండే జుట్టు మొండిది. బట్టతల దాని జోలికి పోదు. ఆ వెంట్రుకని వేరుతో సహా తీసి ముందు నాటితే, అది ముందుకొచ్చినా వెనకటి స్వభావంతోనే బతుకుతుంది. తను చోటు మారినట్టు దానికి తెలియదు. మీవాళ్ళలాగే. తాతలు శ్రీకాకుళం వదిలి వందేళ్ళయినా ‘ఏటి’ అనడం మానలేదు కదా! అందుకని సరిగ్గా నాటితే దశాబ్దాలుంటుంది. చాలామందికి చివరిదాకా ఉంటుంది, ముసలితనంలో కాస్త పలచబడవచ్చు, అంతే.

చిక్కు వేరే ఉంది. నాటింది ఉంటుంది గాని, దాని వెనకా పక్కనా ఉన్న సొంత జుట్టు రాలడం ఆగదు. మాత్రలు వాడినన్నాళ్ళు నెమ్మదిస్తుంది. మానేస్తే పోతుంది. అప్పుడు ముందు గట్టు మిగిలి వెనక చెరువు ఎండినట్టవుతుంది. మళ్ళీ నాటడానికి వెనక సరుకు అంతంతమాత్రం. అందుకే తెలిసిన డాక్టరు కుర్రవాళ్ళకి జుట్టు మొదలయ్యే గీత కిందికి గీయడు. యాభయ్యేళ్ళప్పుడు కూడా నప్పేలా కాస్త ఎత్తుగా గీస్తాడు. మీవాడికి ఎలా గీశారు?

ఎందుకని అడగొద్దన్నావు గనక అడుగుతున్నాను. ఇన్నేళ్ళలో నువ్వు నన్ను వైద్యం అడిగింది ఒక్కసారి, అదీ చుండ్రుకి. నవ్వు రావడం లేదని రాశావు. నవ్వు రాని అనంతలక్ష్మి ఎలా ఉంటుందో నాకు తెలుసు. నాకు నచ్చదు.

జ్యోతి


తార్‌బహార్
జూలై 21

జ్యోతీ,

కిందికే గీశారు. అయితే అది రాకేష్ గీత కాదు. మౌళిది.

నీకు తెలిసిన సంగతే, అయినా మొదట్నుంచి రాస్తాను. రాస్తే తప్ప చెయ్యి ముందుకు పోవడం లేదు. చంద్రమౌళి మా పెద్ద మనవడు, రాకేష్‌కి అన్న. ఇరవై నాలుగేళ్ళవాడు పరీక్షకని పొద్దున్నే కట్నీ బండి ఎక్కాడు. అడవి మధ్య ఓ చిన్న స్టేషన్లో బండి ఆగింది. ఎదురు సీటులో మనిషి చెప్పిందల్లా ఒక్కటే. కుర్రాడు సీసా పట్టుకుని నీళ్ళకి దిగాడు. బ్యాగు కట్నీ చేరింది. మౌళి చేరలేదు. లైను వెతికారు, వాగులు వెతికారు, ఊరూరా ఫొటో కాగితాలు అంటించారు. శవం దొరకలేదు, చెప్పు కూడా దొరకలేదు. మా శంకరం గార్డు కదా, ఆ లైను మీదే డ్యూటీ అడిగి వేయించుకున్నాడు. ఆ స్టేషన్ దాటినప్పుడల్లా పచ్చదీపం ఊపుతూ ప్లాట్‌ఫారం కేసి చూసేవాడట. మూడేళ్ళు చూసి, గుండె ఆగి పోయాడు. మౌళి వెళ్ళి పన్నెండేళ్ళయింది. అప్పటినుంచి రజిని ఎదురుచూస్తోంది. ఏడవదు, ఎవరినీ తిట్టదు. ఊరికే ఎదురుచూస్తుంది.

మౌళి నుదురు చిన్నది. మధ్యలో జుట్టు కొనతేలి, ఆ కొన ఎడమకి కాస్త వంగి ఉండేది. అన్నదమ్ములిద్దరిదీ కళ్ళూ ముక్కూ ఒకటే. తేడా అంతా నుదుట్లోనే ఉండేది. ఇప్పుడు ఆ తేడా చెరిగిపోయింది.

రెండు నెలల కిందట ఓ సాయంత్రం కరెంటు పోయింది. రాకేష్ డ్యూటీ దిగి వచ్చి, హెల్మెట్ తీసి గుమ్మంలో నిలబడ్డాడు. వెనక వీధి వెలుతురు. రజిని గంజి వారుస్తోంది. తలెత్తి చూసి, “అత్తా, మౌళొచ్చీసినాడు” అంది.

ఏడుస్తూ అని ఉంటే ఓదార్చేదాన్ని. కెవ్వుమని ఉంటే కసిరేదాన్ని. పాలవాడొచ్చాడని చెప్పినట్టు అంది. చెప్పి, గంజి వార్చడం పూర్తి చేసింది.

“అమ్మా, నేను రాకేష్‌ని” అన్నాడు వాడు.

“ఎరుగుదును నాయినా. కాళ్ళు కడుక్కో, చల్లారిపోతాది.”

రెండోసారి మౌళీ అని పిలిచినప్పుడు వాడు సరిదిద్దలేదు. మూడోసారి “ఆఁ అమ్మా” అన్నాడు. రాకేష్ పుట్టిన్నుంచి కాకరకాయ ముట్టడు. మౌళికి ప్రాణం. రోజు విడిచి రోజు కాకరకాయే. పెట్టినంతా తింటున్నాడు, నీళ్ళు కూడా తాగకుండా.

రజినికి మతి పోయిందనుకోకు. కూరలమ్మితో బేరం ఆడి గెలుస్తోంది, చాకలికి వేసిన బట్టలు లెక్క తప్పకుండా తీసుకుంటోంది. పిచ్చి అయితే నీలాంటి డాక్టర్లున్నారు. ఇది పిచ్చి కాదు.

అనంతలక్ష్మి


పెదవాల్తేరు
ఆగస్టు 5

అనంతూ,

నీ మొదటి ప్రశ్న ఇప్పుడు అర్థమైంది. జుట్టు ఎన్నాళ్ళుంటుందని కాదు, మౌళి ఎన్నాళ్ళుంటాడని అడిగావు.

నీకు అబద్ధం చెప్పి గెలిచినవాళ్ళు లేరు కాబట్టి ఉన్నది రాస్తున్నాను. కూర్చుని చదువు. నువ్వూ నేనూ పోయాక కూడా ఉంటాడు. రాకేష్ మాత్రలు మానేస్తే వాడి సొంత జుట్టు పోతుంది, ఆ నుదురు పోదు. తమ్ముడిది రాలిపోయి అన్నది మిగులుతుంది. వద్దనుకుంటే ముందు వరసలు పీకించి గీత వెనక్కి జరపొచ్చు. చిన్న పనే. చెయ్యగల డాక్టర్లున్నారు.

ఇంకో సంగతి. ఏ డాక్టరూ గీతని గాల్లోంచి గీయడు. జుట్టున్నప్పటి ఫొటో తెమ్మంటాడు. మీవాడు ఏ ఫొటో ఇచ్చాడు? ఆ అమాయకపు మొహం చూసి మోసపోకుండా, క్లాసులో కాపీ కొట్టినవాణ్ణి పట్టుకున్నట్టు అడుగు.

మొన్న రాత్రి మీ శంకరం కలలోకొచ్చాడు. చేతిలో దీపం ఉంది. ఇది డాక్టరు రాయవలసిన మాట కాదు, అయినా రాశాను.

జ్యోతి


తార్‌బహార్
సెప్టెంబర్ 10

జ్యోతీ,

అడిగాను. ఆదివారం కూలర్‌లో గడ్డి మారుస్తున్నాడు. రజిని బజారుకి వెళ్ళింది.

“ఒరే, ఆ డాక్టరుకి ఎవరి ఫొటో ఇచ్చావురా?”

“ఎవరిదేటి మామ్మా, పాతది.”

“పాతదే. ఎవరిది?”

చేతిలో గడ్డి కింద పెట్టాడు. “జవానీ కా ఫొటో లావో, వయసులో ఉన్నప్పటిది తెమ్మన్నారు డాక్టర్ సాబ్. నాది ఎక్కడుంది? చిన్నప్పటివన్నీ అన్నయ్య పక్కన నిలబడినవే. పోస్టర్లకని అమ్మ అన్నీ కత్తెరతో సగానికి కోసీసింది. నా సగం ఏటైందో నీకు తెలుసా? నాకు తెల్దు. అందుకని పోస్టర్‌ది ఇచ్చినాను.”

“తెలిసే ఇచ్చావా?”

“తెలిసే ఇచ్చినాను.” చేతులకంటిన గడ్డి దులుపుకున్నాడు. “అమ్మ నా మొహం చూసి ఎన్నేళ్ళయిందో ఎరుగుదువా మామ్మా? నాతో మాట్లాడతాది, నా భుజం మీంచి గుమ్మం చూస్తాది. నేను వస్తే తలుపు చప్పుడుకి లెగుస్తాది, నన్ను చూసి కూర్చుండిపోతాది. రోజూ! ఇప్పుడు చూడు, సీదా నా మొహమే చూస్తోంది. పేరు ఏదైతే ఏటి? చల్తా హై.”

నలభయ్యేళ్ళు పాఠాలు చెప్పిన నోరు ఇది. కూలర్ ఆన్ చెయ్యమంది.

చల్తా హై అన్నది ఎవరికి చెల్లుతుందో గాని స్వాతికి చెల్లడం లేదు. వాడు చేసుకోబోయే పిల్ల, దయాల్‌బంద్‌లో ఇల్లు, బ్యాంకులో ఉద్యోగం. నా మంచం పక్కన కూర్చుని, “మామ్మగారూ, నేను బట్టతల చూసే ఒప్పుకున్నాను. జుట్టు నా కోసం కాదని నాకూ తెలుసు. కానీ నిన్న నా ఎదురుగానే ఆంటీ మౌళీ అని పిలిస్తే ఆయన ‘హాఁ’ అన్నారు. నా పక్కనున్న మనిషి అలా వెళ్ళిపోయారు. నేను పెళ్ళి ఎవరిని చేసుకుంటున్నాను, ఆప్ బతాయియే, మీరే చెప్పండి” అంది. కళ్ళల్లో నీళ్ళు లేవు. నాకు ఆ పిల్ల నచ్చింది. అందుకే భయమేసింది.

వాళ్ళ నాన్న మర్యాదగా ఇంకోటి అడిగారు. పెద్దవాడి సంగతి తేల్చకుండా చిన్నవాడి పెళ్ళి ఎలాగ అని. నిజమే. పురోహితుణ్ణి పిలిపించాను. పన్నెండేళ్ళు కబురు లేని మనిషికి దర్భలతో బొమ్మ చేసి, దహనం చేసి, కర్మ జరిపించాలట. తండ్రి లేడు కనక తమ్ముడే చెయ్యాలి. చేసేవాడు తల గొరిగించుకోవాలి.

రజిని వంటింట్లోంచి విని బయటికొచ్చింది. “గొరిగించాలత్తా. నేనూ అదే అంటన్నాను. మౌళి తిరిగొస్తే తలనీలాలు ఇస్తానని సింహాచలం అప్పన్నకి మొక్కినాను. వచ్చినాడు. మొక్కు తీరకపోతే మళ్ళీ ఎల్లిపోతాడు.”

“రజినీ, వాడు రాకేష్.”

“నాకు తెల్దేటి? నేను కన్నాను ఇద్దర్నీ. తల రాకేష్‌దే. వచ్చినోడు మౌళి.”

పురోహితుడు సంచీ సర్దుకున్నాడు.

చూశావా? ఉన్నది ఒక్క తల. నా మాట నెగ్గి గొరిగిస్తే పెద్దవాడు చచ్చినట్టు. కోడలి మాట నెగ్గి గొరిగిస్తే తిరిగొచ్చినట్టు. కత్తి ఒకటే, గుండు ఒకటే. వారం నుంచి మేమిద్దరం మాట్లాడుకోవడం లేదు. గిన్నెలు మాట్లాడుకుంటున్నాయి.

ముందు ఇది చెప్పు. గొరిగితే ఆ నాటినవి మళ్ళీ మొలుస్తాయా?

అనంతలక్ష్మి


పెదవాల్తేరు
సెప్టెంబర్ 24

అనంతూ,

మొలుస్తాయి. కత్తి చర్మం మీద నడుస్తుంది, వేరు లోపల ఉంటుంది. ఏడాది దాటింది కనక వేరు పట్టేసింది. ఎన్నిసార్లు గొరిగినా అదే కొన, అదే వంపు.

అక్కడికి డాక్టరు పని అయింది. ఇది స్నేహితురాలి పని. తల ఎవరిదో వాణ్ణి అడిగారా ఇద్దరూ? వాడి జుట్టు ఒక పక్క రజిని పట్టుకుంది, ఇంకో పక్క నువ్వు. నీ పట్టు శాస్త్రం ప్రకారం కాబట్టి నొప్పి పుట్టదనుకోకు.

కొండకి రావాలనుకుంటే మా ఇంట్లో దిగమను. నేను తీసుకెళ్తాను.

జ్యోతి


తార్‌బహార్
నవంబర్ 19

జ్యోతీ,

నీ ఉత్తరం చూసి కోపం వచ్చింది. చించుదామనుకున్నాను. చింపలేదు గాని జవాబు రాయలేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

కార్తీకంలో ఒక సాయంత్రం రజిని గుడికి వెళ్ళింది. వాడు నాకు టీ తెచ్చి ఇచ్చాడు. ఇంకా లైటు వెయ్యలేదు. కూర్చోమన్నాను. ఏ పేరుతో పిలిచి కూర్చోమన్నానో గుర్తు లేదు. గుర్తు లేదని రాస్తున్నాను, నువ్వు నమ్మినట్టు నటించు.

“ఎందుకు దిగావురా?” అన్నాను. నేనే అన్నాను, జ్యోతీ. నా నోరే అంది.

వాడు తడుముకోలేదు. “నీళ్ళకి దిగినాను మామ్మా. పంపు దూరంగా ఉంది.”

“బండి కూత వినపడలేదా?”

“వినపడింది. సీసా నిండలేదు.”

“పరిగెత్తకపోయావా?”

“పరిగెత్తినాను.”

“ఆ తరవాత?”

వాడు నా కేసి చూశాడు. ఆ నుదురు, దాని కింద ఆ కళ్ళు. “ఆ తరవాత నాకు తెల్దు మామ్మా” అన్నాడు. అది రాకేష్ గొంతు కాదు. ఎవరి గొంతో నేను కాగితం మీద పెట్టను.

అప్పుడైనా ఆపానా? లేదు. చలేసిందా అని అడిగాను. వేసిందన్నాడు. ఇంకా అడిగేదాన్ని. తెల్లారేదాకా అడిగేదాన్ని. ఎదురింటివాళ్ళు వీధి లైటు వేశారు. మొహం మీద వెలుతురు పడితే చూశాను, వాడు వణికిపోతున్నాడు. నా పక్క మీది దుప్పటి తీసి కప్పాను. “మామ్మా, నువ్వు కూడానా?” అన్నాడు. ఇది రాకేష్ గొంతే.

రజినికి పిచ్చి అని నేను ఎక్కడా రాయకపోవడం మంచిదయింది.

ఇంక ఈ ఇంట్లో వాణ్ణి వాడుగా చూసే మనిషి లేదు. ఇద్దరం కలిసి తినేస్తాం వాణ్ణి. స్వాతి ఇంకో నెల చూస్తానంది. అందుకని నేను పట్టు వదిలేశాను. తల్లినీ కొడుకునీ విశాఖ బండి ఎక్కిస్తున్నాను, మొక్కుకే. తిరిగొచ్చాడంటే తిరిగొచ్చాడు, పోనీ. ఒక పేరు తేలితే చాలు, ఏ పేరైనా. నేను రాలేను, మోకాళ్ళు రానివ్వవు. మోకాళ్ళు బాగున్నా రాను. కొండ మీద జరిగింది జరిగినట్టు రాయి. రజిని చెప్పదు, రాకేష్ చెప్పింది నేను నమ్మను.

అనంతలక్ష్మి


పెదవాల్తేరు
డిసెంబర్ 6

అనంతూ,

ఆ రోజు చెవి మిషను పెట్టుకునే వెళ్ళాను. తలనీలాలు తీసేచోట ఎంత గోల! పిల్లల ఏడుపు, నీళ్ళ చెంబుల చప్పుడు, అప్పన్న గోవిందలు. అన్నీ భరించాను, నీ కోసం.

రాకేష్ చొక్కా విప్పి పీట మీద కూర్చున్నాడు. రజిని వాడి ఎదురుగా గచ్చు మీదే కూర్చుంది. క్షురకుడు కత్తిలో కొత్త బ్లేడు పెడుతున్నాడు. అప్పుడు వాడన్నాడు, “అమ్మా, ఎవరి జుట్టని ఇస్తన్నావు? ఆ పేరు నోటితో చెప్పు. నువ్వు ఏ పేరు చెప్తే ఆ పేరుతోనే కొండ దిగుతాను. ఇంక మార్చనివ్వను. స్వాతికి కూడా అదే చెప్పీస్తాను.”

బెదిరింపు కాదు అనంతూ. అలిసిపోయిన మనిషి అడిగినట్టు అడిగాడు. రజిని పెదవి కదిలింది. ‘మౌ’ అనబోతోందని నాకు అర్థమైంది. చెవులు పోయినదాన్ని, పెదవులు చదవడం వచ్చింది.

“పేరుతో పని లేదు బాబూ, తల వంచు, ఎనకాల జనం ఉన్నారు” అని క్షురకుడు రెండు చెంబులు గుమ్మరించాడు.

ఇది నేను నీకు ముందే రాసి ఉండాల్సింది, తట్టలేదు. నాటిన జుట్టు పొడిగా ఉన్నప్పుడే ఒత్తు. ఉన్నవాటిని దూరదూరంగా నాటి, అడవిలా కనిపించేలా చేస్తారు. నీళ్ళు పడితే అంటుకుపోయి, మధ్యలో చర్మం బయటపడుతుంది. వాడు తలెత్తాడు. గీత చెదిరిపోయింది. కొన లేదు, వంపు లేదు. నడినెత్తి దాకా మెరుస్తున్న వెడల్పాటి నుదురు, దాని మీద నీళ్ళు కారుతున్నాయి.

రజిని చూస్తూ ఉండిపోయింది. కొంగుతో ఆ నుదురు తుడిచింది. మళ్ళీ తుడిచింది. కింద ఇంకేదో ఉన్నట్టు తుడుస్తూనే ఉంది. ఆపైన కొంగు వదిలేసి, రెండు చేతుల్లో మొహం పట్టుకుని, “రాకేషా, ఎప్పుడొచ్చినావురా?” అంది.

వాడు ఏడ్చాడు. ముప్ఫయి మూడేళ్ళ మనిషి అందరి మధ్యా, పక్క పీట మీది పసివాడితో పోటీగా ఏడ్చాడు. “నేను ఎక్కడికీ ఎల్లనేదమ్మా” అంటున్నాడు. రజిని వాడి చెవిలో ఏదో చెప్పింది. అది నాకు వినపడలేదు, పెదవులు కనపడలేదు. నన్ను అడక్కు.

తరవాత, “లెగు” అంది. వాణ్ణి లేపి, తను పీట మీద కూర్చుని ముడి విప్పుకుంది.

“అమ్మా, మొక్కు బాబుదన్నారు కదా?” అన్నాడు క్షురకుడు.

“మొక్కింది నేను. నోరు నాది, తల నాది. తియ్యి.”

తీశాడు. సగం నెరిసిన జుట్టు ఒళ్ళో పడుతుంటే చూస్తూ కూర్చుంది. అయ్యాక ఆ జుట్టు గుప్పెడు తీసుకుని, గుడి గోపురం కేసి తిరిగి, గట్టిగానే అంది. “వాడు రానేదు సామీ. రాకపోయినా ఉంచుకో.”

అనంతూ, నేను దేవుణ్ణి పెద్దగా నమ్మను, నీకు తెలుసు. ఆ మాట విని మిషను తీసి సంచీలో పెట్టుకున్నాను. ఇంక వేరే ఏమీ వినాలనిపించలేదు.

ఇంకొకటి. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. కొండ దిగేటప్పుడు బస్సులో రజినే టిక్కెట్లు అడిగింది. కండక్టరుకి నాలుగు వేళ్ళు చూపించింది. మేం ముగ్గురం. రాకేష్ చూశాడు, నేనూ చూశాను. ఎవరమూ సరిదిద్దలేదు. నాలుగో సీటు ఖాళీగానే వచ్చింది.

జ్యోతి


తార్‌బహార్
2025 ఫిబ్రవరి 23

జ్యోతీ,

మాఘంలో కర్మ జరిగింది. అర్పా ఒడ్డున. నది అనకు, ఈ కాలంలో ఇసుకే. నేను బలవంతం చెయ్యలేదు. రాకేషే పురోహితుణ్ణి పిలిచాడు, తనే తల గొరిగించుకున్నాడు. రజిని అడ్డు చెప్పలేదు. దర్భ బొమ్మ ఇంత ఉంది, ఉయ్యాల్లో పిల్లంత. కాలడానికి ఎంతో సేపు పట్టలేదు. నన్ను కుర్చీలో మోసుకెళ్ళారు. రాణీగారి ఊరేగింపు అన్నాను. ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు.

వైశాఖంలో పెళ్ళి. స్వాతి వచ్చి రజిని నెత్తి మీద మొలకా, వీడి గుండూ చూసి, “ఆంటీ, మీదే ఒత్తుగా వచ్చింది” అంది. రజిని నవ్వింది. ఆ నవ్వు ఎలా ఉంటుందో నేను మర్చిపోయాను. ఇప్పుడు వాణ్ణి పేరు పెట్టి పిలుస్తోంది, పేరు పెట్టి తిడుతోంది కూడా. “రాకేషా, గుంటడా, తడి తువ్వాలు మంచం మీద పడీసినావేటి?” అని నిన్న వీధి అంతా వినపడేలా అరిచింది. వాడు మూతి ముడుచుకుని తువ్వాలు తీశాడు. మొహంలో ఎంత సంతోషం! చెప్పలేను.

అంతా సర్దుకుంది కదా, ఇంక ఏమిటంటావా?

జుట్టు మళ్ళీ వస్తోంది. నువ్వు రాసినట్టే. వాడు పెరట్లో పళ్ళు తోముకుంటుంటే రోజూ చూస్తున్నాను. ముందు నల్లటి చుక్కలు పడ్డాయి. చుక్కలు కలిశాయి. మొన్న ఎడమవైపు వంపు తేలింది. రజిని అటు చూడడం మానేసింది. ఇప్పుడు చూసేది నేనే. భయంతో చూస్తున్నాననుకున్నాను మొదట. భయమైతే కళ్ళు మూసుకుంటాం కదా. నేను పొద్దున్నే కళ్ళజోడు తుడుచుకుని మరీ కూర్చుంటున్నాను.

వాడు కనిపెట్టాడు. “మామ్మా, ముందు వరస తీయించీమంటావా? రాయపూర్‌లో చేస్తారు. అమ్మని అడిగితే నీ తల నీ ఇష్టం అంది. స్వాతీ అదే అంది. నువ్వు చెప్పు” అన్నాడు.

ఉంచమన్నాను.

ఎందుకో నీకు మాత్రమే రాస్తున్నాను. నాకు డెబ్భై ఎనిమిది నిండాయి. రజిని ముసలిదైంది. రాకేష్‌కి కళ్ళ కింద గీతలు పడుతున్నాయి. మౌళికి ఇరవై నాలుగే. ఎన్నాళ్ళయినా ఇరవై నాలుగే, అదే చొక్కా, చేతిలో అదే సగం నిండిన సీసా. దర్భలు కాల్చినా వాడి వయసు కదల్లేదు. నేను కళ్ళు మూస్తే అక్కడే నిలబడి ఉంటున్నాడు. ముసలివాళ్ళం మేము ఒకరొకరం బండి ఎక్కిపోతాం, వాడొక్కడూ ఆ ప్లాట్‌ఫారం మీద కుర్రవాడిగానే ఉండిపోతాడు. అది నేను ఓర్చుకోలేను.

అందుకని ఒక్కటి అడుగుతున్నాను. ఎన్నాళ్ళుంటాయని ఇక అడగను. ఆ నాటిన వెంట్రుకలు నెరుస్తాయా?

అనంతలక్ష్మి


పెదవాల్తేరు
మార్చి 4

అనంతూ,

నెరుస్తాయి.

రాకేష్ తల వెనక ఎప్పుడు నెరిస్తే అవీ అప్పుడే నెరుస్తాయి. మొదట చెవుల పక్కన తెల్లబడుతుంది, అది రాకేష్‌ది. కొన్నేళ్ళకి ఆ కొన దగ్గర ఒకటీ అరా మొదలవుతుంది. చూడడానికి మనం ఉండం. స్వాతికి చెప్పి ఉంచు.

జ్యోతి